అటు ఊరు లేదు

గుంటూరులో ఒక తుపాకుల కొట్టు. ఫిబ్రవరి నెల, పగలు పదకొండు కావస్తోంది. బల్లకి అవతల కొట్టు యజమాని పీరు. ఇవతల శివనాగరాజు, అతని భార్య మాధవీలత.

“అది కాదండీ, ఆ పైన గోడకి ఉంది చూడండి, నల్ల గొట్టంది. అది చూపించండి.”

“అది వేరే వాళ్ళది శివనాగరాజు గారూ. రిపేరుకొచ్చింది. అమ్మకానికి కాదు.”

“చూస్తే అరిగిపోదుగా.”

“అరగదు. మీకు మనసు పడుతుంది, అదీ నా భయం. ఇదిగో, మీరు చెప్పిన అవసరానికి నేను తీసి పెట్టింది ఇది. త్రీ ఫిఫ్టీన్. బోల్టు రైఫిలు. సర్కారు ఫ్యాక్టరీలో చేసిందే. ఒకాయన పోయాక ఆయన పిల్లలు ఇంట్లో వద్దని తెచ్చి నా దగ్గర పెట్టారు.”

“వాడిందా? మాధవీ, సెకండ్ హ్యాండంట.”

“విన్నానండీ. ముందు చేతిలోకి తీసుకుని చూడండి.”

“ఉండండుండండి. ముందు అమ్మగారి చేతికి. లైసెన్సు మీద మాధవీలత అని ఉంది.”

“అదేంటి పీరుగారూ, కాల్చేది నేనైతే?”

“కాల్చేది మీరే. ఆవిడ తరఫున వాడే మనిషి, అదే రిటైనరని మీ పేరు కూడా కింద రాశారు, చూశాను. అయినా పొలం ఎవరి పేరున ఉంటే పంట రక్షణ లైసెన్సు వాళ్ళదే. మొదటి చెయ్యి వాళ్ళదే పడాలి. నాదొక పాత పద్ధతి లెండి. పట్టుకోండమ్మా. గొట్టం నేల వైపుకి. ఖాళీగా ఉన్నా సరే, ఎప్పుడూ నేల వైపుకే.”

“బరువుగా ఉందండీ.”

“మూడున్నర కిలోలు. పుట్టిన పిల్లంత.”

“మా అమ్మాయి ఇంతకన్నా తక్కువే పుట్టింది.”

“సరే, కబుర్లు తర్వాత. గురి సంగతి చెప్పండి పీరుగారూ. నాక్కావలసిందల్లా రెండే. మా తాహతులో ఉండాలి, గురి తప్పకూడదు.”

“అందరూ అడిగేది అవే. బోల్టు తీస్తాను చూడండి. ఇలా పైకెత్తి వెనక్కి లాగితే వచ్చేస్తుంది. ఇప్పుడు ఈ గొట్టంలోంచి కిటికీ వైపు చూడండమ్మా. ఏం కనిపిస్తోంది?”

“మెలికలు తిరిగిన గీతలున్నాయి. జడ అల్లినట్టు.”

“అవే గుండుని తిప్పి వదిలేది. పదునుగా ఉన్నాయా, అరిగినట్టున్నాయా?”

“పదునుగానే ఉన్నాయి. మెరుస్తున్నాయి. ఒక్కచోట… మధ్యలో కొంచెం అవతలగా, చిన్న మచ్చలాంటిది ఉందండీ.”

“ఏదీ, ఇటివ్వండి. ఆఁ… ఉంది. తుప్పు పట్టబోయి ఆగింది. ఇంతమంది చూసిపోయారు, ఒక్కరూ అనలేదు. నేను కూడా చూడలేదు, నిజం చెప్పాలంటే.”

“ఆవిడంతే లెండి. బియ్యంలో రాళ్ళేరినట్టు చూస్తుంది. బట్టల కొట్లో కూర్చుందంటే నేను వెళ్ళి టిఫిను చేసి రావచ్చు.”

“అంచు దగ్గర పోగు తెగిందో లేదో చూడకుండా మంగళగిరి చీర ఎవరు కొంటారు? ఆ మచ్చ వల్ల గురి చెడుతుందాండీ?”

“మూతి దగ్గరైతే చెడేది. లోపల కాబట్టి ఫరవాలేదు. మూతి అంచు మీద వేలు పెట్టి చూడండి. ఎక్కడైనా నొక్కుందా?”

“లేదు. నున్నగా ఉంది.”

“అయితే గొట్టం మంచిదే. ఇప్పుడు ఆయనకివ్వండి. భుజానికి ఆనించండి శివనాగరాజు గారూ. చెంప కర్ర మీద పెట్టండి. అంత గట్టిగా కాదు. ఆ గోడ మీద పాత గడియారముంది చూడండి, దాని మధ్యలో పెట్టి మెల్లగా నొక్కండి. లాగడం కాదు, నొక్కడం.”

“టక్ మంది.”

“మీరు కళ్ళు మూసుకున్నారు.”

“ఎవరు? నేనా?”

“మూసుకున్నారండీ. నేనూ చూశాను.”

“నువ్వొకదానివి. మొదటిసారి కదా! అలవాటైతే అదే వస్తుంది. పీరుగారూ, ఆ అద్దాల బీరువాలోది? సన్నగా ఉంది. అదీ బోల్టే కదా?”

“పాయింట్ టూ టూ. గురి దీనికన్నా బాగుంటుంది, తూటాలు చవక, చప్పుడు తక్కువ. కాగితం మీద చుక్క పెట్టి కాల్చుకునే వాళ్ళకి దాని తర్వాతే ఏదైనా. కానీ పందికి తగిలితే పంది పడదు. దెబ్బతో తుమ్మల్లోకి పోయి కూర్చుంటుంది. పుల్లలేరుకోవడానికి వెళ్ళిన మనిషి మీదికొస్తుంది. ఇంతకీ మీ పందులెంతుంటాయి?”

“ఎంతా! దూడంత ఉంటాయండీ. మంద. తల్లులు, వాటి వెనకాల చారల పిల్లలు, అన్నిటికీ వెనకాల ఒక మగది. కంకి పట్టగానే ఒక్క రాత్రికి అరెకరం మొక్కజొన్న పడుకోబెట్టాయి. తిన్నది గంపెడు, తొక్కింది అరెకరం. మిర్చిలో కాయ ముట్టవు, మొక్క పీకి కింద వానపాముల కోసం తవ్వుతాయి. డ్రిప్పు పైపుని చెరుగ్గడలాగా నమిలాయి.”

“చీరలు కట్టలేదా చుట్టూ? మీ వైపు కడతారుగా.”

“కట్టామండీ. అన్నీ నావే. కాలేజీ వదిలేటప్పుడు ఫేర్‌వెల్‌కి కట్టుకున్న ఆకుపచ్చది కూడా కట్టాను. మనిషి నిలబడ్డాడని భయపడి కొన్నాళ్ళు ఆగాయి. తర్వాత ఆ ఆకుపచ్చ దాని కిందనుంచే దూరాయి.”

“క్షౌరశాల నుంచి బస్తాడు జుట్టు తెచ్చి గట్ల మీద చల్లాను. టపాకాయలు కాల్చాను. కుక్కలు మొరిగింది ఫోన్‌లో ఎక్కించి స్పీకర్లో పెట్టాను. మొదటి రోజు పరుగో పరుగు. రెండో రోజు చెవులాడించుకుంటూ మేశాయి. మాకు పాట పెట్టారనుకున్నాయో ఏమో.”

“నవ్వొస్తోంది గానీ నవ్వకూడదు.”

“నవ్వండి, ఏం ఫరవాలేదు. ఊళ్ళో అందరూ నవ్వారు.”

“ఆయన చెప్పనిది నేను చెబుతానండీ పీరుగారూ. కరెంటు తీగ లాగుతానన్నారు.”

“మాధవీ.”

“అన్నారా లేదా?”

“అన్నాను. అన్నానే. అందరూ లాగుతున్నారు. నేనేదో కొత్తగా కనిపెట్టినట్టు!”

“పోయినేడు మా పక్కూళ్ళో చెంచురామయ్య గారని, తను లాగిన తీగకి తనే పోయారండీ. తెల్లారి కరెంటు తీసేశాననుకుని తీగ చుట్టబోయారు. ఆయన భార్య ఆదెమ్మ గారు మా అమ్మకి చుట్టం. పలకరించడానికి వెళ్ళాను. ఆవిడ ఏడవడం లేదు. ఎవరొస్తే వాళ్ళని, తీసేశాననే అన్నాడు, తీసేశాననే అన్నాడు అంటోంది. ఇంటికొచ్చి ఈయనతో చెప్పాను, మన పొలంలో తీగ ఉండటానికి వీల్లేదని. తుపాకీ పట్టిన మనిషి కనీసం చూసి కాలుస్తాడు. తీగ ఎవర్నీ చూడదు. ఆ మాట మీదే ఈ లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇవాళ మీరు లేదు పొమ్మంటే రేపు ఆయన తీగ లాగుతారు. అదీ సంగతి.”

“రేపని నేనన్లేదు.”

“ఎల్లుండి.”

“ఊరుకో. పరాయి వాళ్ళ ముందు ఇంట్లో సంగతులన్నీ…”

“తుపాకీ కొట్టుకి వచ్చాక ఇంటి సంగతి చెప్పకపోతే నేను తుపాకీ అమ్మనే అమ్మనండీ. మంచిదేనమ్మా చెప్పారు. నాదీ ఒక ప్రశ్న ఉంది, ఎవరొచ్చినా అడిగేదే. గుండు ఎక్కడ ఆగుతుంది?”

“పందిలో.”

“తగలకపోతే?”

“తగలకపోవడమేంటండీ? గురి బాగుండాలనే కదా ఇంత చూస్తున్నాం.”

“తగిలినా దాటిపోవచ్చు. ఈ గుండు మైలు దాటి పోతుంది శివనాగరాజు గారూ. గురి అనేది గుండు బయల్దేరేటప్పటి సంగతి. నేనడిగేది ఆగేటప్పటి సంగతి. కొండ పక్క పొలాల వాళ్ళకి కొండ ఉంటుంది. కొందరికి చెరువు కట్ట ఉంటుంది. మీకేముంది వెనక?”

“మాకేముంటుంది, బల్లపరుపు. నల్లరేగడి. కుక్కని కొడదామన్నా రాయి దొరకదు.”

“అదీ. అందుకని ఏ వైపుకి తిరిగి కాలుస్తారో చెప్పండి. తూర్పు?”

“తూర్పు తారు రోడ్డు. బస్సులు తిరుగుతాయి. వద్దు.”

“దక్షిణం?”

“దక్షిణం ఊరు. మా ఇల్లే ఉంది.”

“పడమర?”

“పడమర మా బాబాయి వాళ్ళ పొగాకు బ్యారన్లు. ఇప్పుడు ఆకు కాలుస్తున్నారు, రాత్రంతా మనుషులుంటారు.”

“ఉత్తరం?”

“ఉత్తరం ఖాళీ. మా గట్టు దాటితే తుమ్మలు, తర్వాత వాగు. పందులు దిగేది కూడా అటునుంచే. ఇంక భయమేముంది? నేను దక్షిణం గట్టు మీద కూర్చుని ఉత్తరానికి కాలుస్తాను.”

“వాగు దాటాక?”

“ఏం లేదు. అటు ఊరు లేదు.”

“ఖాయంగా?”

“నా పొలం నాకు తెలీదా? అటు ఊరు లేదండీ.”

“మీరేమంటారమ్మా?”

“లేదండీ. అటు ఊరు లేదు.”

“సరే అయితే. మనసు కుదుటపడింది. తూటాల సంగతి మాట్లాడుకుందాం. ఇవి దొరకడం కష్టం, ముందే చెబుతున్నాను. ఏడాదికి ఇన్ని అని మీ లైసెన్సు మీద రాసిందే ఇస్తాను. ప్రాక్టీసుకని వృథా చెయ్యొద్దు. ఇంతకీ అవి ఏ వేళకి దిగుతాయి?”

“ఒంటిగంట దాటాక. వెన్నెలుంటే ఇంకా ఆలస్యం. తెల్లవారుజామున మైకు మొదలయ్యేదాకా మేస్తాయి. ఆ మైకు మోగిందంటే చాలు, ఎక్కడివక్కడ వదిలేసి తుమ్మల్లోకి పోతాయి. నేను పెట్టిన స్పీకరుకి భయపడవు, దానికి భయపడతాయి. కాబట్టి ఆ లోపే…”

“గుడి మైకా?”

“కాదు, చర్చిది. పాస్టరు గారు పాట మొదలుపెడతారు. దగ్గర కదా, మా మంచం దాకా వినిపిస్తుంది.”

“మీ ఊళ్ళో చర్చి కూడా ఉందా?”

“ఊళ్ళో ఎందుకుంటుంది? పల్లెలో.”

“పల్లె ఎటు?”

“అదే… చర్చి దగ్గర.”

“చర్చి ఎటు?”

“మీరు తూటాల సంగతి చెబుతున్నారు.”

“చెబుతాను. పల్లె ఎటుందండీ శివనాగరాజు గారూ?”

“వాగు అవతల.”

“ఉత్తరాన.”

“ఉత్తరానే.”

“ఉత్తరం ఖాళీ అన్నారు.”

“ఊరు లేదన్నాను. ఊరు లేదు కదా? పల్లె ఉంది. పల్లె వేరు. మీరు అడిగింది ఊరు గురించేమో అని…”

“నేను ఊరు అనలేదండీ. వాగు దాటాక ఏముంది అన్నాను.”

“మా వైపు అట్లాగే అంటాం. ఊరంటే ఊరు. పల్లెంటే పల్లె. మీ గుంటూరులో ఎలా అంటారో నాకు తెలీదు.”

“గుంటూరులోనూ అట్లాగే అంటారు. ఆ తేడా మీకూ తెలుసు, నాకూ తెలుసు. గుండుకెట్లా చెబుతాం? ఎన్ని ఇళ్ళుంటాయమ్మా?”

“అరవై గడపలు. ఇంకా ఎక్కువేనేమో. వాగు దాటగానే మొదటిది చర్చి, దాని వెనక బడి. మా గట్టు నుంచి అరమైలు ఉండదండీ. మా మిరపకాయ కోసేది వాళ్ళే. రెబెకా అని, కోతకి మనుషుల్ని తెచ్చేది ఆవిడే.”

“మరి మీరెందుకు లేదన్నారు? గొట్టంలో నాకు కనిపించని మచ్చ చూశారు కదా మీరు!”

“తట్టలేదండీ.”

“తుపాకీ ఇవ్వననుకున్నారా?”

“ఆ భయమూ ఉంది. కానీ అందుకు కాదు. నిజంగానే తట్టలేదు. ఆయన ఊరు లేదనగానే… లేదు కదా అనుకున్నాను. నిజమే చెబుతున్నాననుకునే చెప్పాను.”

“నేను అబద్ధమన్లేదమ్మా.”

“అబద్ధమైతే నయం. ఎందుకు చెప్పానో నాకు తెలిసేది.”

“ఇప్పుడు దాన్ని పట్టుకుని ఇంత సాగదీస్తారేంటి మీరిద్దరూ? నేనేమైనా మనుషుల మీద కాలుస్తానన్నానా? వాళ్ళతో నాకేం తగాదా? ఆ పల్లె జక్రయ్య నన్ను చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పినవాడు. నా పంట పోతోంది అని నేనొస్తే, మీరు గుండు ఎక్కడాగుతుందని భూగోళం చెబుతున్నారు. పందిని కాల్చడానికి ఫారెస్టు వాళ్ళ పర్మిషను, తుపాకీకి కలెక్టరాఫీసు పర్మిషను, తూటాకి మీ పర్మిషను. పంది మాత్రం ఏ పర్మిషనూ లేకుండా వస్తుంది!”

“కూర్చోండి. నేను ఇవ్వనని అనలేదు. కూర్చోండి శివనాగరాజు గారూ. టీ తెప్పిస్తాను.”

“టీ వద్దు. నాకు టైము లేదు. పన్నెండింటి బస్సుకి వెళ్ళాలి.”

“ఒక దారి ఉంది. మంచె వెయ్యండి. ఎత్తుగా, రెండు నిలువులు. దాని మీద కూర్చుంటే ఎటు కాల్చినా గుండు కిందికే పోతుంది, మీ నల్లరేగడిలోనే దిగుతుంది. వాన పడని నేల గట్టిగా ఉంటుంది, గుండు తగిలి ఎగిరిపోతుంది, అందుకని దూరం కాల్చొద్దు. పంది మంచె దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాలి. యాభై గజాలు దాటితే ట్రిగ్గరు మీంచి వేలు తీసెయ్యాలి.”

“మంచె వేస్తాం. ఏమండీ, వేద్దాం కదా? సరుగుడు గుంజలు మన దొడ్లోనే ఉన్నాయి.”

“వేద్దాంలే.”

“ఇంకోటి. నా మాట వింటే ఈ రైఫిలు కూడా వద్దు. ట్వెల్వ్ బోర్ తీసుకోండి. గురికి దీని కాలిగోటికి సరిపోదు, కానీ దాని గుండు దూరం పోదు. మీరొచ్చింది గురి కోసమని నాకు తెలుసు. మీ పొలానికి కావలసింది గురి కాదు.”

“అది బోల్టు కాదుగా.”

“కాదు. గొట్టం మడిచి తూటా పెట్టేది. రెండే దెబ్బలు. అక్కడే ఉంది, చూడండి. దీనికన్నా తక్కువకే వస్తుంది.”

“నాకు నచ్చిందండీ. ఏమండీ, మీరేమంటారు?”

“నీ ఇష్టం. లైసెన్సు నీదేగా.”

“అట్లా కాదు. మీరే కదా మంచె మీద కూర్చునేది? మీకు ఇష్టమైతేనే.”

“సరే అంటున్నాగా. ఎప్పుడిస్తారండీ? ఇప్పుడే తీసుకెళ్ళొచ్చా?”

“ఇప్పుడే ఎట్లా? లైసెన్సు మీద రైఫిలని రాసి ఉంది. దాన్ని మార్పించుకు రావాలి. వారం అనుకోండి. మా వాడు ఒకడున్నాడు ఆఫీసు దగ్గర, తొందరపెట్టమంటాను.”

“వారమా!”

“వారమేగా. ఇన్నాళ్ళు ఆగాం. ఒక్క వారం, ఇద్దరం టార్చీలు పట్టుకుని కాపలా కాద్దాం. నేనూ వస్తాను. పీరుగారూ, మీరు పెద్దవారు, మీ ముందే అడుగుతున్నాను. ఏమండీ, ఈ వారంలో తీగ లాగనని చెప్పండి.”

“బస్సు టైమవుతోంది.”

“చెప్పండి, వెళదాం.”

“లాగనులే.”

“లే ఏంటి?”

“లాగనన్నాను. కొత్తగా ఏం లాగను. చాలా?”

“కొత్తగా అంటే?”

“ఏదో మాటవరసకి.”

“కొత్తగా ఏం లాగనంటే పాతదేదో ఉన్నట్టు కదా.”

“ప్రతి మాటనీ ఇట్లా చిల్లుల గిన్నెలాగా ఎండలో పెట్టి చూస్తావేంటి నువ్వు!”

“పొద్దున బయల్దేరే ముందు టార్చి తీసుకుని పొలానికెందుకు వెళ్ళారు?”

“మోటారు చూసొద్దామని.”

“మోటారుకి కరెంటు తొమ్మిదింటికి కదా వచ్చేది? చీకట్లో ఆగి ఉన్న మోటారుని ఏం చూస్తారు?”

“పద, బస్సు పోతుంది.”

“అడిగినదానికి చెప్పండి.”

“రాత్రిళ్ళే పెడతాను మాధవీ. తెల్లారేలోపు తీసేస్తాను. ఒక్కరోజు మానలేదు, తియ్యడం.”

“ఎప్పటినుంచి?”

“మొక్కజొన్న కంకి పట్టినప్పటినుంచి. నువ్వు లైసెన్సు లైసెన్సు అని తిరుగుతున్నావు, అది ఎప్పటికొస్తుందో తెలీదు. ఈలోపు చేతికొచ్చిన పంట… చూస్తూ ఎట్లా కూర్చోను?”

“నాతో మంచం మీంచి లేచి వెళ్ళి పెట్టి వచ్చేవారా?”

“నీకు చెబితే ఒప్పుకోవు.”

“ఎటు పక్క?”

“ఏంటి ఎటు పక్క?”

“తీగ. ఎటు పక్క లాగారు?”

“పందులెటునుంచి వస్తే అటే. ఉత్తరం గట్టు. మరి ఇంకెటు లాగుతాను? దక్షిణం పక్క అయితే ఊళ్ళోవాళ్ళు పంట కాపలాకి రాత్రిళ్ళు తిరుగుతుంటారు. ఆలోచించే లాగాను. ఊళ్ళోవాళ్ళెవరూ అటు రారు.”

“శివనాగరాజు గారూ…”

“ఇవాళ తీశారా?”

“తీశాను.”

“ఇవాళ పొద్దున. వెళ్ళారు కదా, తీశారా?”

“తీశాననే…”

“తీశాననే అనకండి! నా దగ్గర ఆ మాట అనకండి. ఊరి కరెంటు లైను మీద వేసిన కొక్కెం మీ చేత్తో తీసి కింద పెట్టారా?”

“వెళ్ళాను. గట్టు ఎక్కాను. నువ్వు ఫోన్ చేశావు, ఆటో వచ్చేసిందని. ఆ ఫోన్ ఎత్తి మాట్లాడుతూ… తీసే ఉంటాను. చెయ్యి అలవాటైపోయింది. తియ్యకుండా ఎట్లా వస్తాను?”

“ఇవాళ మిరపకోతకి మనుషుల్ని రమ్మన్నానండీ. నేనే రమ్మన్నాను. ఎనిమిదింటికే దిగుతారు. వాళ్ళు వచ్చేది ఆ గట్టు మీద నుంచే.”

“ఇంక మాటలెందుకమ్మా, ఫోన్ చెయ్యండి. ముందు ఫోన్ చెయ్యండి.”

“రింగవుతోంది.”

“రెబెకా ఎత్తిందా?”

“రింగవుతోంది. ఎత్తడం లేదు.”

“కోతలో ఉంటే చేతులు మంటలుంటాయి, ఎత్తరు మాధవీ. మళ్ళీ చెయ్యి.”

“చేస్తున్నాను.”

“స్పీకరు పెట్టమ్మా.”

“హలో… హలో, ఎవురూ?”

“రెబెకా! నేనే. ఎక్కడున్నావు?”

“మీ పొలంలోనేనమ్మా. కాయ కోస్తన్నాం. ఏందమ్మా, గొంతు అట్టా ఉంది?”

“అందరూ ఉన్నారా? పల్లెలోంచి బయల్దేరిన వాళ్ళందరూ నీ కళ్ళ ముందు ఉన్నారా?”

“ఉండారు. దేవకుమారి ఒక్కతే రాలా. పిల్లకి జొరం.”

“నిజంగా జ్వరమేనా? నువ్వు చూశావా దాన్ని?”

“చూడకేం, మా పక్కిల్లేగా. కషాయం కాసిచ్చే వచ్చా. అసలేమైందమ్మా?”

“విను. వాగు వైపు గట్టు మీదికి ఎవరూ వెళ్ళొద్దు. నీళ్ళకని, నీడకని, దేనికీ వెళ్ళొద్దు. మేం వచ్చేదాకా పిల్లల్ని కూడా పోనివ్వకు. అక్కడ…”

“పోమమ్మా.”

“ముందు వినవే! అక్కడ కరెంటు…”

“తీగ సంగతేగా. తెలుసమ్మా.”

“తెలుసా?”

“తెలవకేం? మొక్కజొన్న కంకి పట్టిన కాడినుంచీ ఉందిగా. జక్రయ్య మామ మేక దాని మీదే పడి పోయింది. అప్పటినుంచీ మేం ఆ గట్టు తొక్కట్లా. తారు రోడ్డెక్కి చుట్టూ తిరిగొస్తన్నాం.”

“అందుకా మీరు… ఆలస్యంగా వస్తున్నారని నేను నిన్ను నిలబెట్టి అడిగితే ఏమీ మాట్లాడలేదు నువ్వు.”

“ఏం మాట్టాడాలమ్మా?”

“ఈ మాట చెప్పొచ్చు కదా! ఇన్నాళ్ళు నా పక్కనే కోశావు, మా వసారాలో కూర్చుని నీళ్ళు తాగావు. నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?”

“మీకు తెలీదా ఏంది? అయ్యగారు మీ మాట దాటరుగా. మీరు చెబితేనే లాగారనుకున్నాం.”